రెక్కమీది మంచు

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, 9 నుండి 20 వచనముల వరకు

ఆకాశమున చిన్న విమానము పోవు శబ్దము వినబడినయెడల పొలములో కలుపు తీయువారు సైతము నడుము నిలిపి తలయెత్తి చూతురు. పిల్లలైతే అది కనుమరుగగువరకు కేకలు వేయుచు గట్లవెంబడి పరుగెత్తుదురు. దానిని నడుపువాడు ఎంత ధైర్యవంతుడో అని మనమందరము అనుకొందుము. అయితే అతనికి కావలసిన ధైర్యము ఏ విధమైనది? ముందుకు సాగిపోవు ధైర్యమా, లేక వెనుకకు తిరుగు ధైర్యమా? ఈ మాసము మనము కలిసి ఆలోచింపగోరు ప్రశ్న యిదియే.

ఈ ప్రశ్నను చలిదేశముల ఆకాశములో జరుగు ఒక సంగతినిబట్టి విచారింపదలచితిమి. అమెరికా, కెనడా, ఉత్తర ఐరోపా దేశములలో చలికాలమున చిన్న విమానములు మేఘములలో పోవునప్పుడు వాటి రెక్కలమీద మంచు గడ్డకట్టుట కలదు. అనేకమంది పైలటుల ప్రాణములను ఈ మంచు తీసినది. మనకు దీనితో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. మన సంఘములలోని కుటుంబముల బిడ్డలు ఎందరో నేడు ఆ దేశములలో చదువుచు, ఉద్యోగములు చేయుచు నున్నారు. వారెక్కు విమానముల సంగతి మనకు పరాయిది కాదు. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి గలదు. ఈ మంచు మనుష్యుని మోసపుచ్చు విధమును మనము నేలమీద ప్రతిదినము చూచుచునే యున్నాము.

మంచు పట్టు విధము

మంచు అనగానే మనకు తెల్లవారుజామున గడ్డిపరకలమీద నిలుచు బిందువులో, దారి కనబడనీయని పొగమంచో తలంపునకు వచ్చును. ఇక్కడ మేము చెప్పునది అది కాదు. నీరు గడ్డకట్టి రాయివలె నగు మంచు ఇది. వడగండ్లవాన చూచినవారికి దీని సంగతి కొంత తెలియును.

నీరు సున్న డిగ్రీల చలిలో గడ్డకట్టునని బడిపిల్లలు చదువుదురు. అయితే మేఘములోని సన్నని తుంపరలు సున్నకు దిగువ పది డిగ్రీల చలిలోను, ఒక్కొక్కప్పుడు ఇరువది డిగ్రీల చలిలోను గడ్డకట్టక నీరుగానే తేలుచుండును. వాటిని ఏదియు తాకనంతకాలము అవి అట్లే యుండవచ్చును. విమానము వచ్చి వాటిని ఢీకొనగానే అవి రెక్క అంచుమీద గడ్డకట్టి అంటుకొనును. ఒక్కొక్క తుంపర ఆవగింజకంటెను ఎంతో చిన్నది. కాని గంటకు నూరు మైళ్లకు మించిన వేగముతో పోవు రెక్క వాటిని లెక్కలేనన్నిగా కూడబెట్టుకొనును.

ఆ మంచు కొన్నిసార్లు తెల్లగా గరుకుగా నుండి సులభముగా కంటబడును. పెద్ద చినుకులు తగిలినచోట గాజువలె తేటగా పరచుకొని, చూచుచున్నవానికి సైతము తెలియకుండ పెరుగును. తెల్లనిదానికంటె ఈ తేటమంచు చెడ్డది. తనను కనబడనిచ్చు శత్రువుకంటె కనబడనీయని శత్రువు భయంకరుడు గదా.

బరువు కాదు, రూపము

మంచు బరువుచేతనే విమానము క్రిందికి వచ్చునని మొదటిసారి వినువారు తలంతురు. బరువును ఒక కారణమే. అయితే అసలు అపాయము బరువులో కంటె రూపములో నున్నది. రెక్క నునుపైన వంపుతో చేయబడినది. గాలి ఆ వంపును ఆనుకొని జారిపోవుచుండుటచేతనే విమానము ఆకాశమున నిలుచును. ఆ నునుపు చెడినయెడల గాలి ఆనుకొని పోవుట మానును. వడ్రంగులు వాడు గరుకైన ఉప్పుకాగితము అంత పలుచగా మంచు పట్టినను రెక్క మోయు శక్తి నూటికి 30 వంతుల వరకు తగ్గవచ్చుననియు, గాలి వెనుకకు ఈడ్చుట నూటికి 40 వంతుల వరకు పెరుగవచ్చుననియు పరీక్షలలో తేలినది. ఇట్టి పరీక్షల కొరకే అమెరికాలోని క్లీవ్‌లాండు పట్టణమున 1944లో చలిగాలి వీచు గొప్ప సొరంగమొకటి కట్టిరి.

ఇందులో ఇంకొక సంగతి గలదు. విమానము వేగము మిక్కిలి తగ్గినయెడల గాలి రెక్కను విడిచిపెట్టును. విమానము తూలి క్రిందికి పడును. దీనిని పైలటులు స్టాలు అందురు. తన విమానము ఏ వేగమున ఈ స్థితికి వచ్చునో ప్రతి పైలటును కంఠపాఠముగా ఎరుగును. మంచు పట్టిన రెక్కకు ఆ లెక్క చెల్లదు. నిన్న క్షేమముగా నున్న వేగమే నేడు పడద్రోయును. స్టాలు రాకముందు హెచ్చరించుటకు అమర్చిన గంట సైతము మ్రోగకయే పోవచ్చును. "నేను ఎన్నోసార్లు ఈ వేగముననే పోయితిని, ఏమియు కాలేదు" అని పైలటు చెప్పినయెడల అతడు అబద్ధమాడుట లేదు. అయితే అతడు శుభ్రమైన రెక్క సంగతి చెప్పుచున్నాడు. ఇప్పుడతడు కూర్చున్న విమానము రెక్క శుభ్రముగా లేదు. నిన్నటి క్షేమము నేటి స్థితికి సాక్ష్యము కానేరదు.

పెద్ద జెట్టు విమానములకు ఈ అపాయమునుండి తప్పించుకొను సాధనములు ఎక్కువ. వాటిలో అనేకములు యింజను వేడిగాలిని రెక్కలలోనికి పంపి మంచు పట్టకుండ చేసికొనును. బలముగలవి గనుక మేఘములను త్వరగా దాటి పైకి పోవును. నలుగురు కూర్చుండు చిన్న విమానమునకు అంత బలము లేదు; ఆ మేఘములు తేలు ఎత్తులలోనే అది పోవలెను. కొన్నిటికి రెక్క అంచున రబ్బరు తొడుగు ఉండును. దానిలో గాలి నింపగా అది ఉబ్బి మంచును పగులగొట్టును. మరికొన్నిటికి గడ్డకట్టని ద్రవము రెక్క అంచునుండి ఊరును. అనేకములకైతే ఏదియు లేదు. అట్టివి మంచు ఉన్నదని తెలిసిన మేఘములోనికి పోనేకూడదని నియమము. సాధనములు గలవి సైతము తీవ్రమైన మంచులో నిలుచుటకు చేయబడలేదు. గొడుగు ఉన్నదని గాలివానలో నది దాటువాడు బుద్ధిమంతుడు కాడు గదా.

తిరుగుటకు తగిన గడియ

మంచు మొదట లావుపాటి రెక్కమీద గాక, సన్నని వస్తువులమీద త్వరగా పెరుగును. చలిని కొలుచుటకు అద్దము వెలుపల అమర్చిన చిన్న కడ్డీమీదను, రేడియో తీగెమీదను అది ముందుగా కనబడును. కారణమేమనగా, లావుపాటి వస్తువు ఎదుటనున్న గాలిని ప్రక్కలకు త్రోయును, ఆ గాలితోకూడ కొన్ని తుంపరలును తప్పుకొని పోవును. సన్ననిదానిని తప్పుకొనుటకు వాటికి వ్యవధి చాలదు. కావున అనుభవజ్ఞుడైన పైలటు ఆ చిన్న కడ్డీమీద కన్ను వేసి యుంచును. తోక రెక్కకంటె పలుచన గనుక అక్కడను మంచు ముందే పట్టవచ్చును. అయితే కూర్చున్న చోటనుండి తోక అతనికి కనబడదు. ఆ చిన్న కడ్డీయే కనబడని తోకను గూర్చి సాక్ష్యమిచ్చును.

ఆ కడ్డీమీద మొదటి తెల్లని గీత కనబడిన గడియయే తిరుగవలసిన గడియ. అప్పుడేమి చేయవలెనో ప్రతి పైలటుకు నేర్పుదురు. వచ్చిన దారినే వెనుకకు తిరుగవలెను. లేదా క్రింద వెచ్చని గాలి యుండి, కొండలు అడ్డము లేనియెడల దిగవలెను. లేదా మేఘము పై అంచు దగ్గరగా నుండి, శక్తి చాలినయెడల ఎక్కవలెను. ఏది చేసినను ఆలస్యము లేక చేయవలెను.

కాని ఆ గడియలో పైలటు మనస్సు ఎట్లుండును? యింజను చక్కగా పలుకుచున్నది. విమానము చెప్పినట్లు వినుచున్నది. గమ్యము అరగంట దూరమున నున్నది. ఇంటివారు ఎదురుచూచుచున్నారు. వెనుకకు తిరిగినయెడల ఖర్చు, ఆలస్యము, నలుగురిలో నవ్వుబాటు. కడ్డీమీద ఉన్నది గోరంత మంచు. "ఇంకొంచెము చూతము" అని అతడు తనలో అనుకొనును. ఆ ఇంకొంచెములోనే అపాయమంతయు దాగియున్నది. తిరుగుటకు శక్తి నిండుగా నున్నప్పుడు తిరుగవలసిన అవసరము కనబడదు. అవసరము స్పష్టముగా కనబడునప్పటికి తిరుగు శక్తి మిగులదు. ఇది మాటల చమత్కారము కాదు. విమానము తిరుగుటకు ఒక ప్రక్కకు వాలవలెను. వాలినప్పుడు రెక్కలు మరింత బరువు మోయవలెను. మంచు ఎక్కువగా పట్టిన రెక్కకు ఆ శక్తి యుండదు. అనగా, ఆలస్యము చేసినవానికి తిరుగుటయే మరణకారణము కావచ్చును.

అప్పు చేసినవానిని అడుగుడి. కల్లుపాకకు అలవాటుపడినవానిని అడుగుడి. గట్టు దగ్గర జానెడు నేల కొరకు అన్నదమ్ములతో మాటలు మానుకొనినవానిని అడుగుడి. మొదటి దినమున వెనుకకు తిరుగుట ఎంత సులభమై యుండెనో, ఆ దినమున తిరుగవలెనన్న తలంపు ఎంత అనవసరముగా కనబడెనో వారే చెప్పుదురు.

సముద్రమును ఒంటరిగా దాటిన చార్లెసు లిండ్‌బెర్గు సంగతి ఈ స్థలమున జ్ఞాపకము చేసికొనదగినది. 1927 మే 20న అతడు ఒకే యింజను గల చిన్న విమానములో న్యూయార్కునుండి ప్యారిసుకు బయలుదేరెను. ఎక్కడను దిగక ఆ ప్రయాణము చేసినవారికి 25,000 డాలర్ల బహుమానము ప్రకటింపబడియుండెను. రాత్రివేళ అట్లాంటికు సముద్రముమీద ఒక గొప్ప మేఘములోనికి అతడు ప్రవేశించినప్పుడు చలి హెచ్చెను. చేతిదీపము వెలిగించి వెలుపల చూడగా విమానపు కమ్మీమీద మంచు మెరయుచుండెను. లోకమంతయు అతనివైపు చూచుచున్న దినమది. అయినను అతడు ముందుకు దూసికొని పోలేదు. మెల్లగా విమానమును మరలించి, వచ్చిన దారినే మేఘమునుండి బయటపడెను. తరువాత మేఘములను చుట్టివచ్చి తన దారి పట్టెను. బయలుదేరిన 33 గంటల 30 నిమిషములకు ప్యారిసులో దిగెను. వెనుకకు తిరిగినవాడు గమ్యము చేరడని అనుకొనువారు ఈ సంగతిని గమనింపవలెను. అతడు తిరిగెను గనుకనే చేరెను.

వేరొక సంగతి ఇంత సంతోషకరమైనది కాదు. 1997 జనవరి 9న అమెరికాలోని మిషిగాను రాష్ట్రమున, డెట్రాయిటు పట్టణమునకు వచ్చుచున్న రెండు యింజనుల విమానమొకటి మన్రో అను ఊరి సమీపమున కూలి, అందులోని 29 మందియు మరణించిరి. రెక్కలమీద పట్టిన మంచు పలుచనిది, గరుకైనది. దానిని నడుపువారు గుర్తించి యుండకపోవచ్చును, లేక లెక్కింపదగినది కాదని తలంచి యుండవచ్చును. విమానమును నడుపుచున్నది ఆటోపైలటు అను యంత్రము. విమానము ఒక ప్రక్కకు ఒరుగుటకు మొదలుపెట్టగా ఆ యంత్రము నోరు మెదపక సరిదిద్దుచు వచ్చెను. ఇక సరిదిద్దలేని స్థితి రాగా ఒక్కసారిగా చేతులెత్తివేసెను. అప్పటికి మనుష్యులు చేయదగినది ఏమియు మిగులలేదు. విచారణ చేసినవారు పైలటులను మాత్రమే గాక, మంచులో ఎగురుటకు తగిన నియమములను, కనీస వేగములను స్థిరపరచని అధికారులను గూడ తప్పుపట్టిరి. అలవాటు అనునది మన జీవితములలోని ఆటోపైలటు. అది మన ఒరుగుదలను మనకు తెలియకుండ సరిదిద్దుచు పోవును. ఆదివారమున కూర్చుండు చోటు మారదు, పాడు పాట మారదు, గనుక అంతయు బాగుగానే యున్నదని తలంతుము. అప్పుడప్పుడు చుక్కాని మన చేతులలోనికి తీసికొని దాని బరువు చూచుకొనుట మేలు.

విశ్వాసమా, తెగింపా?

"దేవుడు చూచుకొనును" అని చెప్పి మేఘములోనికి పోవుట విశ్వాసము కాదా యని ఒకరు అడుగవచ్చును. పైన సూచించిన అధ్యాయము ఈ ప్రశ్నకు వెలుగు చూపుచున్నది. క్రేతు ద్వీపమున మంచి రేవులు అను చోట ఓడ నిలిచియుండెను. చలికాలము సమీపించెను, ఆ కాలమున సముద్రప్రయాణము అపాయకరము. ఖైదీగా నున్న పౌలు అక్కడనే ఆగుట మేలని హెచ్చరించెను. అయితే శతాధిపతి ఓడ నడుపువాని మాటను, యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలమైనది కాదు గనుక ఎక్కువమంది పోవుటకే ఆలోచన చెప్పిరి. దక్షిణపు గాలి మెల్లగా వీచుట చూచి తమ ఆలోచన నెరవేరినదనుకొని లంగరెత్తిరి. ఆ మెల్లని గాలి గోరంత మంచు వంటిదే. కొంతసేపటికే పెనుగాలి కొట్టెను. పిమ్మట అనేక దినములు సూర్యుడైనను నక్షత్రములైనను వారికి కనబడలేదు.

ఆ ఓడలోని 276 మందియు కడకు బ్రదికి గట్టు చేరిరని మనకు తెలియును. దీనినిబట్టి వారు బయలుదేరుట సరియైనదే యనవచ్చునా? అనరాదు. కృప వారి ప్రాణములను కాపాడెను. వారి నిర్ణయమును మెచ్చుకొనలేదు. ఓడ పోయెను, సరకు పోయెను. తప్పించుకొనినవాడు తాను చేసినది సరియైనదని రుజువైనదనుకొనుట మహా ప్రమాదము. మంచులో దూరి ఒకసారి క్షేమముగా దిగిన పైలటు రెండవసారి మరింత లోపలికి పోవును. దేవాలయ శిఖరముమీదనుండి దుముకుమని శోధకుడు చెప్పినప్పుడు మన ప్రభువు దుమకలేదు. తండ్రి కాపాడడని గాదు. కాపాడుటను పరీక్షించుట కుమారుని పని కాదు గనుక. పంపబడిన చోటికి పోవుట విశ్వాసము. చూపబడిన హెచ్చరికను త్రోసివేసి పోవుట తెగింపు. పోవునప్పుడు రెండును ఒక్కటిగానే కనబడును గనుక మనము జాగ్రత్తగా వివేచింపవలెను.

ప్రేమ పిలిచినప్పుడు

ఇంకను కఠినమైన ప్రశ్న ఒకటి గలదు. ఆ ప్రయాణము లాభము కొరకో గొప్ప కొరకో గాక, ఒక రోగి కొరకైనయెడల? రెండవ ప్రపంచ యుద్ధములో విమానములు నడిపిన క్రైస్తవులు కొందరు 1945లో మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అను సంస్థను ఆరంభించిరి. చిన్న విమానములతో దారిలేని ప్రాంతములకు మందులను, సేవకులను చేర్చుట వారి పని. అట్టి పైలటుకు ఒక పల్లెనుండి తల్లి ప్రసవవేదన గూర్చి కబురు వచ్చినది, ఆకాశమున మంచుమేఘము క్రమ్మియున్నది అనుకొనుడి. అతడు పోకున్నయెడల ప్రేమ లేనివాడా?

1925 జనవరిలో అలాస్కా పడమటి తీరమున నోము అను చిన్న పట్టణమునకు ఇట్టి పరీక్షయే వచ్చెను. బిడ్డలకు కంఠసర్పి వ్యాధి సోకెను, మందు లేదు. విమానము పంపుడని పత్రికలవారును పెద్దలు కొందరును పట్టుబట్టిరి. కాని అక్కడ దొరకు విమానములు పైకప్పు లేనివి, నీటితో చల్లబడు యింజనులు గలవి; చలికాలమునకై విడదీసి పెట్టబడినవి. అట్టి చలిలో అవి పోజాలవని తలంచి గవర్నరు స్కాటు బోను కుక్కలు లాగు బండ్లను పంపుటకు నిర్ణయించెను. అది పిరికితనమని అనుకొన్నవారు లేకపోలేదు. రైలు దిగిన నెనానానుండి నోము వరకు 674 మైళ్లు. ఇరువదిమంది బండివారు ఒకరి చేతినుండి ఒకరందుకొనుచు, గడ్డకట్టించు చలిలో రాత్రింబగళ్లు నడిపి, ఐదున్నర దినములలో, ఫిబ్రవరి 2న మందును చేర్చిరి. విమానము పంపననుట బిడ్డలను విడిచిపెట్టుట కాలేదు. అది వేరొక దారిని, ఎక్కువ శ్రమగల దారిని, వెదకుటయే ఆయెను.

ప్రేమ తన ప్రాణమును లెక్కచేయదు, నిజమే. అయితే మంచు పట్టిన రెక్కతో రోగిని చేరలేని పైలటు రోగికి ఏమి మేలు చేసెను? మందును పోయెను, పైలటును పోయెను, రేపు పిలువనున్న మరియొక పల్లెకు విమానమును లేదు. అపాయము ఉన్నదని తెలిసియు పోవలసిన దినములు ఉండవచ్చును. అట్టి దినమునను పైలటు తన్ను తాను మోసపుచ్చుకొనక, మంచును మంచు అని పిలిచి, తిరుగుదారి ఎక్కడ నున్నదో ముందే చూచుకొని పోవలెను. తనతో ఎక్కినవారి ప్రాణములను వారి నడుగక పణముగా పెట్టు హక్కు అతనికి లేదు.

నేలమీద నున్న మన బాధ్యత

విమానము నడుపనివారికి ఇందులో పాలు లేదనుకొనవలదు. "ఎప్పుడు వచ్చెదవు? ఇంత దూరము వచ్చి ఆగుట ఏమి?" అని అడుగువారును మేఘములోనికి త్రోయువారే. 1919 జూలైలో అమెరికా తపాలా విమానముల పైలటులు పొగమంచులో ఎగురుటకు నిరాకరింపగా పై అధికారులు కొందరిని పనినుండి తీసివేసిరి. తోటి పైలటులు పని మాని నిలిచిరి. కొలది దినములలోనే అధికారులు మెత్తబడి, వాతావరణ నిర్ణయము ఆయా స్థలమున ఆకాశమును చూచుచున్నవారు చేయవలెనని ఒప్పుకొనిరి. దూరమున గదిలో కూర్చున్నవాడు ఆజ్ఞ యిచ్చుట, ఆకాశమున నున్నవాడు ప్రాణము పెట్టుట న్యాయము కాదని వారు గ్రహించిరి. వానాకాలమున ఏరు దాటి రమ్మని అల్లుని తొందరపెట్టు మామగారును, రాత్రివేళ సరకు చేర్చుమని లారీవానిని తరుము షావుకారును ఈ సంగతిని ఆలోచింపవలెను. వెనుకకు తిరిగి వచ్చినవానిని ఎగతాళి చేయక, "మంచిపని చేసితివి, కూర్చుండుము" అని నీళ్లిచ్చు ఇల్లు ఎన్నో ప్రాణములను కాపాడును.

జరిగిన తరువాత తీర్పు తీర్చుటలోను నిదానము కావలెను. 1958 ఫిబ్రవరి 6న జర్మనీలోని మ్యూనికులో ఒక విమానము లేవలేక కూలి 23 మంది మరణించిరి. దాని కెప్టెను జేమ్సు థెయిను బ్రదికెను. అయితే రెక్కలమీది మంచు తుడిపింపలేదని జర్మను విచారణ అతనిమీద నింద మోపెను. అతడు సంవత్సరముల తరబడి పోరాడెను. దారిమీద పేరుకొన్న బురదమంచు చక్రములను పట్టి వేగమును హరించినదనియు, నింద అతనిది కాదనియు 1969లో బ్రిటిషు విచారణ తేల్చెను. మంచును గూర్చి కఠినముగా మాటలాడు మనము, మంచు పేర నిర్దోషి యొకడు పదునొకండేండ్లు భారము మోసెనని మరువరాదు. మన రెక్కను మనము కఠినముగా పరీక్షించుకొందము. పొరుగువాని రెక్కను గూర్చి మెల్లగా మాటలాడుదము.

వెచ్చని దినమున మంచు

కడపటి మాట. మనది వేడిదేశము, ఇట్టి మంచు మనకు లేదని ఎవరును నిశ్చింతగా నుండరాదు. చిన్న విమానముల యింజనులలో అనేకములకు, పాత మోటారుసైకిళ్లకు వలె, పెట్రోలును గాలిలో కలుపు కార్బురేటరు ఉండును. కొత్త కుండలో నీరు ఎందుకు చల్లబడును? కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవును గనుక. కార్బురేటరులో పెట్రోలు ఆవిరియగునప్పుడును అట్లే జరుగును. అక్కడ వేడి ముప్పది డిగ్రీలకు పైగా పడిపోవచ్చును. కావున గాలిలో తేమ యున్నయెడల, వెలుపల హాయిగా నున్న దినమున సైతము, యింజను గొంతులో మంచు పట్టును. రెక్కలమీద ఏమియు లేదు, అద్దముమీద ఏమియు లేదు. యింజను మాత్రము మెల్లమెల్లగా బలము కోల్పోవును.

దీనికి మందు గలదు. ఒక మీటను లాగినయెడల వేడిగాలి కార్బురేటరులోనికి పోయి మంచును కరిగించును. అయితే కరిగిన నీరు యింజనులోనికే పోవలెను గనుక, కొంతసేపు యింజను మునుపటికంటె ఎక్కువగా దగ్గును, వణకును. అనుభవము లేనివాడు భయపడి, "ఈ మందే జబ్బు చేసినది" అనుకొని మీటను మరల మూసివేయును. మంచు మరల బిగియును. ఆ వణకును ఓర్చుకొని మీటను విడువక పట్టుకొనినవాని యింజను కొంతసేపటికి తేరుకొని నిండుగా పలుకును.

ఒకనితో సమాధానపడుటకు బయలుదేరినవానికి, దాచిన అప్పును ఇంటివారితో ఒప్పుకొనినవానికి, చేసిన తప్పును సంఘము నెదుట చెప్పుకొనినవానికి ఈ వణకు ఏమిటో తెలియును. మొదటి దినములు మునుపటికంటె కష్టముగానే యుండును. ఇంతకంటె దాచియుంచుటయే మేలు గదా అని తోచును. ప్రియులారా, అప్పుడు మీటను మూయకుడి. లోపలి మంచు కరుగుచున్నది గనుకనే ఆ వణకు.

ఈ మాసము మనలో ప్రతివాడును తన చిన్న కడ్డీని చూచుకొనును గాక. గీత సన్నగా నున్నప్పుడే, శక్తి నిండుగా నున్నప్పుడే, ఎవరును మనలను నిందింపకముందే తిరుగుదము. ఎవరైనను మన వాకిట తిరిగి వచ్చి నిలిచినయెడల, ఎందుకు తిరిగితివని అడుగకముందు తలుపు తీయుదము.